ఒకే ప్రశ్న పట్టుకుని ఇన్ని శాస్త్రాలు తిరిగిన రొనాల్డ్ క్లార్క్

సోషల్ సైకాలజీ పేపర్ చెప్పేటప్పుడు, నేరాలు ఎలా జరుగుతాయో పరిశోధించిన రొనాల్డ్ క్లార్క్ పేరు ఎత్తకుండా నేను ఏ సెమిస్టరూ ముగించను. మా సిలబస్‌లో ఆయన లేరు. అయినా చెప్తాను. "ఒక సబ్జెక్టు పట్టుకుని ఉండమ్మా, అటూ ఇటూ పోకు" అని పిల్లలకి సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు కాబట్టి మరీ చెప్తాను.

ఆయన చదివింది క్లినికల్ సైకాలజీ. నేరాలు చేసిన మగపిల్లల్ని ఉంచే బ్రిటన్ శిక్షణ పాఠశాలల్లో 1960లలో పరిశోధకుడిగా చేరారు. అక్కడి పెద్ద తలనొప్పి పిల్లలు పారిపోవడం. ఎవరు పారిపోతారో ముందే కనిపెట్టాలి. తెలివితేటలు, ఇంటి పరిస్థితులు, స్వభావం, అన్నీ తిరగేసినా పారిపోయినవాడికీ ఉండిపోయినవాడికీ చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. తేడా అంతా పాఠశాలల మధ్యే ఉంది. అదే రకం పిల్లలు ఒకచోట పదేపదే పారిపోతున్నారు, ఇంకోచోట కుదురుగా ఉంటున్నారు. సైకాలజిస్టుకి ఇది ఎంత ఇబ్బందిపెట్టే ఫలితమో ఆలోచించండి. ఆయన దాన్ని పక్కన పెట్టేయలేదు. "ఇక్కడ ఈ పని ఇంత సులువుగా ఎలా జరుగుతోంది?" అన్న ప్రశ్నతోనే మిగతా జీవితమంతా గడిపారు.

బ్రిటన్ హోం శాఖ పరిశోధన విభాగంలో ఉన్నప్పుడు అదే ప్రశ్న దొంగతనాల వైపు తిప్పారు. తర్వాత అమెరికా వెళ్ళి రట్గర్స్ విశ్వవిద్యాలయంలో క్రిమినల్ జస్టిస్ స్కూల్‌కి డీన్ అయ్యారు. ఆయనా సహచరులూ చూపించిన ఒక ఉదాహరణ చూడండి. పశ్చిమ జర్మనీలో హెల్మెట్ లేకపోతే అక్కడికక్కడే ఫైన్ వేయడం 1980లో మొదలైంది. ఆ ఏడాది లక్షన్నర దాకా ఉన్న మోటార్‌సైకిల్ దొంగతనాలు 1986కి సుమారు 54 వేలకి పడిపోయాయి. హెల్మెట్ వెంట తెచ్చుకుని తిరిగే దొంగలు తక్కువ మరి!

నన్ను కుదిపేసింది మాత్రం గ్యాస్ అధ్యయనం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1963లో 5,714 మంది ఆత్మహత్య చేసుకుంటే 1975లో ఆ సంఖ్య 3,693. వంటింటికి వచ్చే గ్యాస్‌లోంచి విషవాయువు క్రమంగా తొలగిపోవడమే కారణంగా కనిపిస్తోందని క్లార్క్, ఆయన తోటి పరిశోధకురాలు పాట్రిసియా మేహ్యూ 1988లో చూపించారు. చేతికందే దారి మూసుకుపోతే చాలామంది ఇంకో దారి వెతుక్కోలేదు. బతికారు. పురుగుమందు డబ్బా మంచం కింద ఉండే ఇళ్ళ మధ్య పెరిగినదాన్ని నేను. అది చదివి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. అప్పులూ పంట నష్టాలూ ఒక్కరోజులో తీరవు. ఆ డబ్బా ఇంట్లో ఉండాలా వద్దా అన్నది మాత్రం ఈరోజే తేల్చుకోవచ్చు.

2006 నాటికి ఆయన గ్రేమ్ న్యూమన్ అనే నేరశాస్త్రవేత్తతో కలిసి టెర్రరిజం మీద రాశారు. టెర్రరిస్టు మనసు తవ్వుతూ కూర్చోకుండా వాళ్ళకి అందే లక్ష్యాలు, ఆయుధాలు, పనిముట్లు, కలిసొచ్చే పరిస్థితులు ఒక్కొక్కటే చూడమన్నారు. 2015లో ఆయనకీ మేహ్యూకీ కలిపి స్టాక్‌హోమ్ క్రిమినాలజీ బహుమతి వచ్చింది.

పేదరికాన్నీ అన్యాయాన్నీ వదిలేసి తాళాల గురించి మాట్లాడతారన్న విమర్శ ఆయన మీద ఎప్పుడూ ఉంది. అందులో న్యాయం ఉందనే నేనూ అనుకుంటాను. తాళం చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంటే ప్రమాదమే. కానీ మూలకారణాలు పోయేదాకా ఆగమని, మెడలో గొలుసు పోయిన ఆవిడకి ఎలా చెప్తాం?

మన దగ్గర భద్రత అనగానే కెమెరా పెట్టేస్తాం. వందమంది చేరే చోట కెమెరాలు ఉండాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే వచ్చింది. ఆ చోట ఏ క్షణంలో ఏం జరుగుతోందో చూసేవాళ్ళు తక్కువ. అందుకే మా పిల్లల్ని హన్మకొండ బస్టాండ్‌కి పంపాను, పర్సులు ఎక్కడ పోతున్నాయో గమనించమని. బస్సు ఇంకా ఆగకముందే జనం తలుపు దగ్గరికి తోసుకొస్తారు. బస్సెక్కే ఒకావిడ ఒక చేత్తో రాడ్ పట్టుకుంటుంది, ఇంకో చేత్తో బిడ్డని ఎత్తుకుంటుంది. హ్యాండ్‌బ్యాగ్ వీపు మీదికి జారిపోతుంది, దాని జిప్ వెనకవాళ్ళ ఛాతీకి ఆనుకుని ఉంటుంది. కెమెరాకి అక్కడ కనపడేది తలలే. పిల్లలు అదంతా బొమ్మ గీసి తెచ్చారు. తలుపు దగ్గర వరసగా ఎక్కేలా రెయిలింగ్ వేయమని డిపో మేనేజర్ గారికి అర్జీ రాస్తున్నారు.