నీళ్లు మోసే బ్యాగు: నల్లమల కోసం నేను ఎంచుకున్న తీరు

మన దగ్గర వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ ముచ్చట ముగిసింది. అయినా మూడు రోజుల అడవి పనికి బ్యాగు ఎంచుకునేటప్పుడు నాకు ఎక్కువ నేర్పినవి అమెరికా వేటగాళ్ల బ్యాగులే. అక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పిని కొడితే ఒక్క వెనక తొడే ఇరవై కిలోలు దాటుతుంది. దాన్ని కొండలు దిగి బండి దాకా వీపు మీదే తేవాలి. అందుకే వాళ్లు సంచిని కాదు, ముందు ఫ్రేమ్‌ని, అంటే సంచిని నిలబెట్టే చట్రాన్ని చూస్తారు. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో అటవీ శాఖ అనుమతితో జరిగే పులుల సర్వేలో మన వీపు మీద మాంసం ఉండదు, నీళ్లుంటాయి. బరువు మాత్రం బరువే.

కొట్టుకు పోకముందే సామానంతా కాటా మీద పెట్టాను. ఎండలు ముదిరాక ఫరహాబాద్ వైపు వాగులు ఎండిపోతాయి. మనిషికి రోజుకు 5 లీటర్ల లెక్కన, మళ్లీ నింపుకునే చోటు రెండు రోజుల నడక దూరంలో ఉంటే 10 లీటర్లు, అంటే 10 కిలోలు. అటుకులు, పల్లిపట్టీ, బెల్లం, ఎండు రొట్టెలు కలిపి రోజుకు 700 గ్రాములు, మూడు రోజులకు 2.1. పక్కబట్టలు, దోమతెర, టార్పాలిన్ 2.5. కెమెరా ట్రాపులు, అంటే జంతువు ముందు నుంచి పోతే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు, జతలుగా పెట్టాలి. పులి చారలు రెండు పక్కలా ఒకేలా ఉండవు కాబట్టి రెండు వైపులా ఫొటో కావాలి. మూడు జతలు, బ్యాటరీలతో 4.2. గిన్నె, టార్చి, మందులు, జీపీఎస్ 1.5. బ్యాగు సొంత బరువు 2.3. మొత్తం 22.6 కిలోలు తేలింది.

ఇంత బరువున్నా జాగా మాత్రం 45 లీటర్లకు మించి పట్టలేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బరువు ఎక్కువంటే పెద్ద బ్యాగు కావాలనుకుంటారు. వేట బ్యాగుల సైజు క్యూబిక్ అంగుళాల్లో ఉంటుంది; 1000 అంటే 16 లీటర్ల పైచిలుకు, 6000 అంటే దాదాపు 98 లీటర్లు. అంత సంచి మనకు దండగ. ఖాళీ మిగిలితే లోపల సామాను అటూ ఇటూ ఊగుతుంది, లేదా చేయి ఊరుకోక ఇంకేదో కుక్కుతాం. నేను 60 లీటర్ల దగ్గర ఆగాను.

ఇంకో తేడా కూడా ఉంది. వేటగాడు తేలిగ్గా పోయి బరువుతో వస్తాడు. మనం బరువుతో పోయి తేలిగ్గా వస్తాం. మొదటి రోజు సాయంత్రానికే నీళ్లు సగం అయిపోయి సంచి వదులవుతుంది. అందుకే పక్కన పైనా కిందా రెండేసి బిగింపు పట్టీలు లేని బ్యాగులన్నీ పక్కన పెట్టేశాను.

సైజు మనిషి ఎత్తును బట్టి కాదు, వీపు పొడుగును బట్టి. తల వంచితే మెడ కింద చేతికి తగిలే బొడిపె నుంచి, రెండు బొటనవేళ్లు తుంటి బొక్కల మీద పెడితే వాటి మధ్య వచ్చే గీత దాకా దర్జీ టేపుతో ఇంకొకరి చేత కొలిపించాలి. నాది ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, వీపు 17 అంగుళాలే. ఎత్తు చూసి పెద్ద సైజు తీసుకుంటే బెల్టు తుంటి దిగి తొడల మీదికి జారేది.

నడుం బెల్టు దగ్గరే ఎక్కువసేపు పట్టింది. బరువులో ముప్పాతిక వంతు తుంటి మోయాలి, భుజాలు కాదు. దిగుమతి బ్యాగుల బెల్టులు చాలావరకు లావు నడుములకు కుట్టినవి. 30 అంగుళాల నడుముకు చివరిదాకా గుంజినా మెత్తల చివర్లు ముందుకొచ్చి ఒకదానికొకటి తగులుతాయి. తగిలాయంటే ఇక బిగుసుకునేది లేదు. గుంజాక మెత్తల మధ్య కనీసం నాలుగు వేళ్ల సందు మిగలాలి. రెండు రోజుల నడకలో నడుము ఇంకా లోపలికి పోతుందని కూడా లెక్కేసుకోవాలి.

ఎండ ప్రాంతం కదా అని వీపుకు గాలాడే జాలీ ఫ్రేమ్ కొనమని అందరూ చెబుతారు. పది కిలోల దాకా అది హాయి. ఇరవై దాటితే అదే శత్రువు: జాలీ కోసం ఫ్రేమ్ వంగినందువల్ల బరువు వీపుకు నాలుగైదు సెంటీమీటర్లు ఎడంగా పోయి భుజాలను వెనక్కి గుంజుతుంది. పైగా గడ్డి ముళ్లు జాలీలో ఇరుక్కుని అంగీలోంచి పొడుస్తాయి. చెమట పడితే పట్టిందని వీపుకు ఆనుకునే ఫోమ్, లోపల ప్లాస్టిక్ షీటు, రెండు అల్యూమినియం పట్టీలు ఉన్నదే తీసుకున్నాను. ఆ పట్టీలు బయటికి తీసి, మోకాలి మీద పెట్టి, నడుము దగ్గరి లోతుకు తగ్గట్టు మెల్లగా వంచుకోవచ్చు. పదినిమిషాల పని, రోజంతా తేడా తెలుస్తుంది.

కుట్టు చూడాలంటే భుజం పట్టీ సంచిలో కలిసే చోటు తిరగేయండి. అక్కడ దారం దగ్గరదగ్గరగా, అడ్డంగా, కట్టలా గట్టిగా ఉండాలి. ఒంటి వరస కుట్టు మాత్రమే ఉంటే ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో పట్టీ పట్టుకుని లాగండి. సూది రంధ్రాలు నోరు తెరిచి తెల్లగా కనిపిస్తే ఆ బ్యాగు స్కూలుకు పనికొస్తుంది, పరికి పొదల్లోకి కాదు. బట్ట విషయంలో అడుగు భాగానికి 500 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) కావాలి, మిగతా చోట 210 చాలు.

రంగు మట్టిదో ఆకుపచ్చదో అయితే సరిపోతుంది. మిలిటరీ డిజైను వద్దు, చెక్‌పోస్టు దగ్గర ఉత్త ప్రశ్నలు. చప్పుడు చేయని బట్ట కోసం వేటగాళ్లు పడే తాపత్రయం కూడా మనకక్కర్లేదు. నల్లమలలో ఎలుగు ఎక్కువగా దగ్గర్లో ఉలిక్కిపడినప్పుడే మీద పడుతుంది, కొంచెం అలికిడి మంచిదే.

కొన్నాక బిల్లు దాచి, ఇంటి దగ్గర 20 కిలోలు నింపి కోయిలకొండ కోట మెట్లెక్కాను. తొడుక్కునే వరస ఇది: పట్టీలన్నీ వదులు చేసి, బెల్టు మధ్యభాగం తుంటి బొక్క మీద పెట్టి ముందు దాన్ని బిగించాలి. తర్వాత భుజం పట్టీలు, వాటి పైనుండి బ్యాగు పైభాగాన్ని భుజాల వైపు గుంజే చిన్న పట్టీలు (లోడ్ లిఫ్టర్లు), చివర ఛాతీ పట్టీ. లోడ్ లిఫ్టర్ భుజం నుంచి ఏటవాలుగా, 45 డిగ్రీలకు అటూ ఇటూగా పైకి పోవాలి. చదునుగా ఉంటే ఫ్రేమ్ పొట్టిదని అర్థం. తొడ పక్కన తిమ్మిరి వస్తే బెల్టు కిందికి జారిందో, అతిగా బిగిసిందో చూసుకోవాలి. చేతివేళ్లు తిమ్మిరెక్కితే భుజాలు మోస్తున్నాయన్నమాట. గంట నడిస్తేనే ఇవి బయటపడతాయి. కొట్టులో అద్దం ముందు ఏ బ్యాగైనా బాగుంటుంది.

నీళ్లు వేట బ్యాగుల్లో మాంసం పెట్టే చోటే పెట్టాలి: వీపుకు ఆనించి, భుజాల మధ్య ఎత్తున. అడుగున పక్కబట్టలు, వాటి మీద వీపు వైపు నీళ్లు, బయటి వైపు తేలిక సామాను. ట్యూబున్న నీళ్ల సంచికి ఒక్క ముల్లు దిగితే మూడు లీటర్లు పోతాయి. కూల్‌డ్రింకు రెండు లీటర్ల సీసాలు ఐదు తీసుకుంటాను. గ్యాసు ఒత్తిడి ఆపడానికి చేసినవి కాబట్టి మామూలు నీళ్ల సీసాల కన్నా గట్టివి. ఒకటి కారినా నాలుగుంటాయి.

బెల్టు బకిల్ విరిగితే ఆ బరువంతా భుజాల మీదికే వస్తుంది. అందుకే కుట్టు విప్పకుండా తగిలించే రకం బకిల్ ఒకటి, పెద్ద సూది, మందపాటి నైలాన్ దారం పై అరలో ఉంటాయి. తిరిగొచ్చాక చెమట ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి నీడన ఆరేస్తాను. తడిగా అటక మీద పెడితే లోపలి పూత జిగటగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. అరల్లో పల్లి ముక్కలు మిగిలితే ఎలుకలు జిప్పు తీయవు, బట్టే కొరుకుతాయి.