తడి ఉన్నచోటే ఎదుగుదల

మా పెరట్లో పూలకుండీని జరిపినప్పుడల్లా చెమ్మ మట్టి మీద బూడిద రంగు వుడ్‌లౌస్‌లు చెల్లాచెదురుగా పరుగెత్తుతాయి. ఇవి కీటకాలు కావు, రొయ్యలకూ పీతలకూ బంధువులు. పొట్ట అడుగున ఉండే పలుచని రేకుల ద్వారా శ్వాసించే ఈ జీవులకు, కీటకాలకు ఉన్నంత గట్టి మైనపు పూత లేనందువల్ల, పొడిగాలి తగిలితే ఒంట్లోని నీరు త్వరగా ఆరిపోతుంది.

తల్లి తన గుడ్లను కాళ్ల నడుమ ద్రవంతో నిండిన సంచిలో మోస్తుంది. వాతావరణం వెచ్చగా ఉంటే పిల్లలు త్వరగా బయటపడతాయి, చలి ముదిరితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. పుట్టినప్పుడు 6 జతల కాళ్లే ఉంటాయి. 7వ జత కుబుసం విడిచిన తరువాతే వస్తుంది. ఆర్మడిల్లిడియం వల్గేర్ అనే జాతిలోనైతే పగటి పొద్దు పెరగడం కూడా సంతానోత్పత్తికి సంకేతమవుతుంది.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది కుబుసం విడిచే తీరు. మొన్న ఒకదాని వెనుక సగం లేతగా, ముందు సగం పాత బూడిద రంగులోనే కనిపించింది. మొదట వెనుక సగం విడిచి, అది గట్టిపడ్డాక ముందు సగం విడుస్తుంది. ఛాతీ కింద తెల్లని పలకలుగా దాచుకున్న సున్నాన్ని కొత్త పెంకుకు వాడుకుంటుంది, విడిచిన పొరను తానే తినేస్తుంది. వీటికి కావలసిన చెమ్మ ఆరిపోకూడదనే ఆ కుండీ కింద ఎండుటాకులను ఊడ్చకుండా వదిలేస్తున్నాను.