రక్తం ఆగింది, నొప్పి ఆగలేదు

2022 ఏప్రిల్‌లో, వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా వంటింట్లో, పప్పు కుక్కర్ రెండో విజిల్ వేస్తుండగా నా తల వెనక పిడుగు పడింది. అంతకంటే వేరే మాట దొరకలేదు నాకు. నిమిషం తిరక్కుండానే నొప్పి భరించలేనంత అయిపోయి, గట్టు పట్టుకుని అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాను. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో గ్యాస్ అన్నారు, బీపీ కొంచెం ఎక్కువుందన్నారు, ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేశారు. రాత్రికి మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి ఆనలేదు. తెల్లారి సీటీ తీస్తే మెదడు చుట్టూ ఉండే పొరల మధ్య రక్తం. మెదడు రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బి పగిలిందట. అలా పగిలిన బుడగ మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువట, ఆ రాత్రంతా నేను ఇంట్లో అమృతాంజనం రాసుకుని పడుకున్నాను, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. జన్మలో ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే పొద్దున చూద్దాంలే అనుకోకండి, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి.

తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి బుడగని ప్లాటినం తీగ చుట్టలతో నింపారు, కాయిలింగ్ అంటారు. తర్వాత 21 రోజులు, మెదడుకి రక్తం అందక దెబ్బతినకుండా ఇచ్చే నిమోడిపిన్ మాత్రలు, నాలుగు గంటలకోసారి. రాత్రి రెండింటికి అలారం మోగితే మా ఆయన లేచి, లైటు వెయ్యకుండా, సెల్ వెలుగుని అరచేత్తో కప్పి, రెండు మాత్రలు నా చేతిలో పెట్టేవారు. వెలుగు పడితే కళ్ల వెనక పొడిచినట్టుండేది.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. నెలలు గడిచినా నొప్పి పోలేదు, పొద్దున్న లేచేసరికి మెడ నుంచి నడినెత్తి దాకా బరువు, వంగి చెప్పులు వేసుకుంటే దడదడ కొట్టుకోవడం, మద్దిలపాలెం జంక్షన్‌లో ఆటో హారన్లకి కళ్లు మూసుకోవాల్సి రావడం. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "స్కాన్ బాగానే ఉందన్నారుగా, ఇంకా నొప్పేమిటమ్మా" అనేవారు. నాలుగోసారి విన్నాక నేనే కల్పించుకుంటున్నానేమో అని భయం పట్టుకుంది. మళ్లీ పగిలిందేమో అన్న టెన్షన్ ఒకపక్క.

ఒక న్యూరాలజిస్టు గారు ముందు మళ్లీ సీటీ తీయించి, తలలో నీరు చేరలేదని చూసి, అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. రక్తం నాళంలో ఉన్నంతసేపే మనది, బయటికొస్తే మెదడు పొరలకి అది మంట పెట్టే పదార్థమే. ఎర్రకణాలు విరిగి హిమోగ్లోబిన్, ఇనుము బయటపడతాయి, వాటిని శుభ్రం చెయ్యడానికి ఒంట్లోని రక్షణ కణాలు చేరతాయి, పొరలు వాస్తాయి. సూక్ష్మజీవుల వల్ల మెదడు పొరలు వాచే మెనింజైటిస్ లాంటిదే గానీ, ఇక్కడ సూక్ష్మజీవి ఉండదు. రక్తం పోయినా ఆ పొరల్లోని నరాలు కొన్నాళ్లు ఉలికిపడుతూనే ఉండొచ్చు, కొందరికి నెలలు, ఇంకొందరికి ఏళ్లు. ఆ మాట విని ఏడ్చేశాను. నొప్పి తగ్గిందని కాదు, నిజమేనని ఒకరు ఒప్పుకున్నందుకు.

ఆయనే ఇంకో సంగతి పట్టుకున్నారు. నెలకి ఎన్ని నొప్పి మాత్రలు వేసుకుంటున్నారని అడిగితే లెక్క చెప్పలేకపోయాను, దాదాపు రోజూ. మాత్రలు మరీ ఎక్కువైతే వాటివల్లే తలనొప్పి నిలబడిపోతుందట. ఆయన చెప్పిన ప్రకారం తగ్గించుకుంటూ వచ్చాను, మొదటి పది రోజులు నరకం. రాత్రికి తలనొప్పి రాకుండా వేసే అమిట్రిప్టిలిన్ చిన్న డోసు, మన వైజాగ్ ఉక్కపోతకి నీళ్లు ఎక్కువ తాగడం, వేళకి నిద్ర. పాలప్యాకెట్ల లెక్క రాసే నోట్‌బుక్కులోనే నొప్పి ఉన్న రోజుకి చుక్క పెట్టేదాన్ని. మొదటి నెల ఖాళీ గడే లేదు. ఎనిమిదో నెలకి పదకొండు చుక్కలు.

ఇప్పుడు నెలకి మూడో నాలుగో వస్తాయి, ఎక్కువగా నిద్ర చాలనప్పుడు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు కదా, హారన్లు ఉండవు, ఆ వేళకే వెళ్తాం. మొన్న ఎదురుగా సూర్యుడు లేస్తుంటే కళ్లు మూసుకోకుండా చూశాను. మా ఆయన అలవాటుగా నా కళ్లకి చెయ్యి అడ్డం పెట్టబోతే, వద్దండీ అన్నాను.