ఆ అరచేతులు

పాప పుట్టి నాలుగు రోజులు. అరచేతులు, అరికాళ్ళు పొరలు పొరలుగా ఊడుతున్నయి, ముక్కు దిబ్బడేసి పాలు తాగలేకపోతుంది. తల్లిది దేవరకొండ దగ్గరి తండా. కడుపుతో ఉన్నప్పుడు హైదరాబాద్‌ల బిల్డింగ్ పనికి పోయింది, సిఫిలిస్ పరీక్ష ఎవరూ చెయ్యలే. కలయికతో అంటే జబ్బు అది, తల్లి నుంచి కడుపులోని బిడ్డకూ పోతది. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం చాలు! ఉందని తేలితే బెంజాథిన్ పెన్సిలిన్ సూది, 24 లక్షల యూనిట్లు. మొదటి దశల్లోనైతే ఒక్కసారే. కాన్పుకు కనీసం 4 వారాల ముందు పడితే బిడ్డ చాలావరకు గట్టెక్కుతది. ఇప్పుడు ఆ పసిదానికి 10 రోజులు సూదులు.

"నేనేం తప్పు చేసిన సిస్టర్?" అన్నది. నువ్వేం చెయ్యలేదు బిడ్డా అన్న. భర్తకూ సూది వేయించినం, లేకుంటే మళ్ళీ అంటుతది. నా కోపమంతా ఆ చెయ్యని పరీక్ష మీదనే.

నిన్న రాత్రి డ్యూటీల పాప చన్ను పట్టింది. గుటకలు వినబడ్డయి.