కాలవ కట్టేసిన రోజులు

ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరంలో మేమందరం ఒక లఘు పరిశోధన వ్యాసం సమర్పించవలసి ఉండేది. నేను పుట్టింది కాలువ గట్టు మీది ఊళ్లో, చదువుకుంటున్నది రాజమండ్రిలో కాబట్టి, "గోదావరి డెల్టాలో నీటిపారుదల" అని తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చూసి, "ఇది అంశం కాదోయ్, బీరువాకు అంటించిన చీటీ. లోపలి నుంచి ఏ కాగితం తీస్తావో అది చెప్పు" అన్నారు.

ఆ కాగితం కోసం రెండు వారాల పాటు గౌతమీ గ్రంథాలయం చుట్టూ తిరిగాను. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిందని, దానికి ముందు ఈ ప్రాంతం కరువులతో చితికిపోయిందని, కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా పనికివచ్చేటట్లు తవ్వించారని నోటు పుస్తకం నిండా ఎక్కించుకున్నాను. అందులో మా జిల్లా వాళ్లకు తెలియనిది ఒక్క ముక్క కూడా లేదు. రెండోసారి "కాటన్ దొర సేవలు" అని పట్టుకెళితే, శిలాఫలకం మీద ఉన్నదాన్ని మళ్లీ రాయడానికి ఎం.ఏ. దాకా రావడమెందుకని మాస్టారు అడిగారు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది.

అప్పుడాయన సొరుగులోంచి పాత ఇంటర్మీడియట్ ప్రశ్నపత్రాల కట్ట తీసి, వెనుకవైపు ఖాళీగా ఉన్నవి మూడు నా ముందు పెట్టి, చేతి గడియారం విప్పి బల్ల మీద ఉంచారు. పది నిమిషాల పాటు కలం ఆగకూడదని, కొట్టివేతలు ఉండకూడదని, రాసింది వెనక్కి తిరిగి చదవకూడదని, ఏమీ తోచకపోతే "ఏమీ తోచడం లేదు" అనే రాయాలని, తాను మాత్రం ఆ కాగితానికి మార్కులు వేయబోనని చెప్పి, టీ తాగడానికి వెళ్లిపోయారు.

మొదటి కాగితంలో సగం హాస్టల్ సాంబారు మీద ఫిర్యాదే. "ఏమీ తోచడం లేదు" అన్న మాట అయిదుసార్లు ఉంది. ఆ తరువాత అక్షరాలు వంకర తిరగడం మొదలైన చోట, "ఆనకట్ట గురించి అందరూ రాశారు, కాలువల గురించీ రాశారు, ఇంక నేను రాయడానికేముంది, లాకుల దగ్గర పడవలు ఆగేవి, తాతయ్య పడవ సరంగు, ఎప్పుడూ ఇంట్లో ఉండేవాడు కాదట, కాలవ కట్టేస్తేనేరా మీ తాత ఇంటి మొహం చూసేది అని అమ్మమ్మ అంటుంది, ఏమీ తోచడం లేదు" అని ఉంది. ఆ వాక్యం రాస్తున్నప్పుడు దాని విలువ నాకు బొత్తిగా తెలియలేదు. పది నిమిషాలు ఎలాగో గడపడానికి వేసిన పూరింపు అది.

మాస్టారు తిరిగి వచ్చి, ఈ మొత్తంలో నిన్ను మళ్లీ మళ్లీ లాగుతున్న వాక్యమేదో దాని కింద గీత గీయమన్నారు. ఆనకట్ట కింద గీయబోయి, చేయి అమ్మమ్మ మాట దగ్గర ఆగింది. రెండో కాగితం ఆ ఒక్క వాక్యంతో మొదలుపెట్టి మళ్లీ పది నిమిషాలు రాయించారు. ఈసారి సాంబారు రాలేదు, ప్రశ్నలు వచ్చాయి. ఏటా వేసవిలో పూడిక తీయడానికి, మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు కదా, ఆ వారాల్లో నీళ్లు లేని కాలువలో పడవేం కావాలి, దాన్ని నమ్ముకున్న సరంగూ, గట్టు వెంట తాడు లాగే మనుషులూ ఏం తిని బతకాలి, కట్టే తేదీ ఎవరు నిర్ణయించేవారు, రైతుకు అనువైన తేదీ పడవవాడికి అనువైనదేనా?

మూడో కాగితం అసలు పరీక్ష. ఈ ప్రశ్నల్లో దేనికి జవాబు వెదకడానికి నీ కాళ్లకూ నీ జేబుకూ అందే ఆధారాలున్నాయో ఆపకుండా రాయమన్నారు. జిల్లా గెజిటీరు అనే సర్కారు పుస్తకం, లాకుల దగ్గర ఇంకా బతికి ఉన్న ముసలి సరంగులు, అమ్మమ్మ, ఈ మూడూ తేలి, మద్రాసు వెళ్లి పాత దస్త్రాలు తిరగేయాలన్న గొప్ప ఊహ జారిపోయింది. బీరువాలోంచి కాగితం బయటికి వచ్చింది: కాలువలు కట్టేసిన రోజుల్లో పడవవాళ్ల జీవనం.

ఈ పద్ధతిని ఫ్రీరైటింగ్ అంటారని, పీటర్ ఎల్బో అనే అమెరికన్ ఆచార్యుడు 1973లో వెలువరించిన పుస్తకంతో దీనికి బాగా ప్రచారం వచ్చిందని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. రాసే మనిషి, తప్పులు పట్టే మనిషి ఒకే సమయంలో ఒకే కుర్చీలో కూర్చుంటే ఇద్దరి పనీ సాగదన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. నా మటుకు నాకు, ఇది అంశాన్ని సృష్టించదని, మంచి అంశమంటే ఇలా ఉండాలన్న బెరుకు కింద మనమే తొక్కిపెట్టినదాన్ని పైకి తేలనిస్తుందని అనిపిస్తుంది. ఏమీ చదవకుండా కూర్చుంటే మాత్రం తేలేది సాంబారే. గౌతమీ గ్రంథాలయంలో వృథా అనుకున్న ఆ రెండు వారాలు లేకపోతే అమ్మమ్మ మాట పక్కన నిలబెట్టడానికి నాకు కాలువే ఉండేది కాదు.

ఒక పొరపాటు కూడా చేశాను. ఆ కాగితాల మీది వాక్యాల వేగానికి నేనే ముచ్చటపడి, చాలావాటిని యథాతథంగా వ్యాసంలోకి ఎత్తేశాను. మాస్టారు ఎర్ర సిరాతో అన్నింటినీ కొట్టేసి, అమ్మమ్మ మాటను ఒక్కదాన్ని మాత్రం, అదీ చెప్పిన వ్యక్తి పేరు, ఊరు, వయసు రాయాలన్న షరతు మీద, పేజీ అడుగున అధోసూచికలో ఉండనిచ్చారు. టైపు చేయించిన ప్రతిని సెలవుల్లో ఇంటికి తీసుకెళ్లి ఆ పేజీ చదివి వినిపించాను. అమ్మమ్మ కాగితం చేతిలోకి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చూసి, "అంతా పెద్దగా వేసి నా మాటొక్కటే అడుక్కి తోశారేంట్రా?" అంది.