అంతర్వేది తీర్థానికి పంటు మీద వెళ్లి, బస్సులో తిరిగొచ్చి

భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం చూడాలంటే నరసాపురం వాళ్లకి రెండు దారులున్నాయి. మాధవాయిపాలెం రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పడవ, ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగొచ్చు. లేదంటే పాలకొల్లు వైపు వెళ్లి, చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా చుట్టి రావచ్చు. రేవు దగ్గర వంతెనకి శంకుస్థాపనలైతే జరిగాయి, వంతెన రాలేదు. అందుకని తీర్థం రోజున కూడా సగం జనానికి పంటే దిక్కు.

మా మావయ్య పంటు మనిషి. "వంతెన మీద నుంచి వెళ్తే ఏం కనబడుతుందిరా" అంటాడు. పొద్దున్నే రేవుకి చేరేసరికి వరస రోడ్డు దాకా వచ్చేసింది. అక్కడ నాకు బాగా నచ్చింది ఒక తాడు. కానిస్టేబుల్ ఇద్దరు యువకుల్ని పెట్టి దారికి అడ్డంగా తాడు పట్టించాడు. పంటు ఆనగానే జనం ముందుకి తోసుకొస్తారు కదా, తాడు మాత్రం లేవదు. అవతలి నుంచి వచ్చినవాళ్లు మొత్తం దిగి పక్కకి తప్పుకున్నాకే లేస్తుంది. ముందు కార్లు, తర్వాత బళ్లు, చివర మనుషులు. నిండిందని పంటు నడిపే సరంగు చెయ్యి ఊపగానే మళ్లీ తాడు దిగిపోతుంది. ఆఖరి క్షణంలో దూకబోయిన ఒకాయనకి కానిస్టేబుల్ చేతిలో బాగానే పడ్డాయి, మాటలు.

పౌర్ణమి దగ్గర పడేకొద్దీ గోదావరిలో పోటూ పాటూ రెండూ జోరుగా ఉంటాయి. మేం ఎక్కినప్పుడు పోటు మీద ఉంది, పంటు గట్టుకి సమంగా ఆనింది. పాటు తీస్తే, అంటే నీరు వెనక్కి తగ్గితే, పంటు కిందికి దిగిపోతుంది, బళ్లు ఏటవాలుగా ఎక్కించాలి. ఒక్కో బండికి ఇద్దరు వెనక నుంచి తొయ్యాలి, ఒక్కో ట్రిప్పుకి పట్టే సమయం పెరిగిపోతుంది. టైమ్ టేబుల్ రాసేది ఇక్కడ గోదావరే.

సఖినేటిపల్లి నుంచి ఆటో వాళ్లు మామూలు రోజు కంటే రెట్టింపు అడిగారు. బేరం ఆడే ఓపిక లేక ఎక్కేశాం.

రథం సంగతి చెప్పాలి. పాత టేకు రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, ఆ మరుసటి ఏడాది కొత్తది చేయించారు. మొగల్తూరు రాజవంశం వాళ్లు కొబ్బరికాయ కొట్టి మొదట తాడు పట్టుకుంటారు. స్వామి చెల్లెలు గుర్రాలక్క గుడి దగ్గర ఆగి ఆమెకి చీర, సారె ఇస్తారు. ఎండలో, ఇసుకలో, గోవింద నామాల మధ్య నిలబడి చూశాం. మావయ్య రథం తాడు తాకి వచ్చాడు, నేను జనంలోకి వెళ్లలేదు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా వచ్చిన జనం రథం కదలిపోగానే అందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. నేను ఉండేది హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర. ఐపీఎల్ మ్యాచ్ అయిపోయిన రాత్రి అచ్చం ఇదే గోల. అక్కడ నాగోలు, రాయదుర్గం లైన్లో స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, మ్యాచ్ రోజుల్లో రాత్రి పొద్దుపోయే దాకా రైళ్లు పొడిగిస్తారు. తిరుగు టికెట్ ముందే తీసుకున్నవాడు రాజు. జనం ఎక్కువైతే మెట్ల కింద కాసేపు ఆపి, ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక వదులుతారు. మాధవాయిపాలెం తాడు చేసేదీ అదే పని. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది పోయారు. 2027లో మళ్లీ పుష్కరాలొస్తున్నాయి. జనాన్ని ఆపేవాణ్ణి తిట్టుకునే ముందు నాకు ఆ రోజు గుర్తొస్తుంది.

అంతర్వేదిలో మాత్రం తిరుగు ప్రయాణానికి తాడు లేదు. తాత్కాలిక బస్టాండులో ఆర్టీసీ స్పెషల్ బస్సులు వరసగా ఉన్నాయి, డ్రైవర్లూ ఉన్నారు. బయటికి రావడానికి దారే లేదు. గేటు ముందు ఆటోలు మూడు వరసల్లో నిలబడి "సఖినేటిపల్లి, సఖినేటిపల్లి" అని కేకలు. ఒక బస్సు పట్టే చోటులో మూడు నాలుగు ఆటోలు పడతాయేమో, బస్సెక్కే యాభై అరవై మంది వాటిలో ఎలా పడతారు? ఊరికి ఒకటే రోడ్డు అయినప్పుడు బస్సుకి ముందు దారి వదలాల్సిందే, ఇందులో ఆటోవాళ్ల మీద కోపమేమీ లేదు. చివరికి ఒక కండక్టరే దిగి, విజిల్ ఊదుతూ, ఆటోల్ని పక్కకి జరిపించి మూడు బస్సులు బయటపెట్టాడు. ఆయన చొక్కా మొత్తం తడిసిపోయింది.

మావయ్య పంటుకే వెళ్దామన్నాడు. అప్పటికి పాటు తీసిందని, రేవులో బళ్లు ఆగిపోయాయని అక్కణ్ణుంచి ఫోన్ వచ్చింది. మూడో బస్సు రాజోలుది, ఎక్కేశాం. రాజోలులో పాలకొల్లు బస్సు, పాలకొల్లులో నరసాపురం బస్సు. చుట్టుదారే అయినా పంటు కోసం ఆగిన మా ఎదురింటి వాళ్ల కంటే ముందే ఇంట్లో ఉన్నాం.

పౌర్ణమికి చక్రస్నానం. ఆ రోజు ఎలా వెళ్లాలన్నది ఇంకా తేలలేదు. వెళ్లడం పంటు మీద, రావడం రాజోలు మీదుగా అని నేను, రెండూ పంటే అని మావయ్య.