మావాడు గేటు దాటి లోపలికే వెళ్లలేదండీ

ఇంట్లో దోపిడీ జరిగి ప్రాణం పోయిన కేసుల్లో నిందితుడి ఇంటివాళ్లు విశాఖ జిల్లా కోర్టు వరండాలో లాయరుతో మొదట అనే మాట ఇది. "కొట్టింది వేరేవాడు, మావాడు బయటే ఉన్నాడు." ఆ మాట అక్షరాలా నిజమైనా కేసు అక్కడితో తేలదు. ముందు తలలు లెక్కపెట్టాలి.

మధురవాడలో ఒక ఇల్లనుకుందాం. రాత్రి రెండు గంటలకు ఇద్దరు పెరటి తలుపు గడియ పెకలించి లోపలికెళ్లారు. ఒకడు గేటు దగ్గర కాపలా, ఒకడు సందు చివర ఆటోలో. ఆ ఇంట్లో పని మానేసిన డ్రైవరు బీరువా ఏ గదిలో ఉందో ముందే చెప్పేసి, ఆ రాత్రి గాజువాకలో తన ఇంట్లో పడుకున్నాడు. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి చేసే దోపిడీని చట్టం డెకాయిటీ అంటుంది. ఐదుగురున్నారు కదా, డెకాయిటీయే అనుకుంటారు చాలామంది. కాదు. లెక్కలోకి వచ్చేది దోపిడీ చేస్తున్నవాళ్లూ, అక్కడే ఉండి సాయపడుతున్నవాళ్లూ. కాపలావాడూ ఆటోవాడూ వస్తారు, డ్రైవరు రాడు. ఇది నలుగురి దోపిడీ.

ఆ డ్రైవరు కూడా వచ్చి సందులో నిలబడి ఉంటే మొత్తం మారిపోతుంది. ఐదుగురూ అయ్యాక అందులో ఏ ఒక్కడు హత్య చేసినా భారతీయ న్యాయ సంహిత 310(3) కింద అందరికీ ఒకే శిక్ష: ఉరి, లేదా యావజ్జీవం, లేదా పదేళ్లకు తగ్గని కఠిన జైలు. చంపాలన్న ఉద్దేశం మిగతా నలుగురికీ ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయక్కర్లేదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరమైతే పాత ఐపీసీ 396 వర్తిస్తుంది. అందులో మూడో శిక్ష పదేళ్ల వరకు, ఇప్పుడు కనీసమే పదేళ్లు. అందుకే ఎఫ్ఐఆర్‌లో నేరం జరిగిన తేదీ మొదట చూడాలి.

310(3)లో కీలకం "హత్య" అన్న మాట. దాన్ని చాలామంది దాటేస్తారు. అరవకుండా ముసలాయన నోటికి ప్లాస్టర్ వేశారు, ఊపిరాడక పోయాడు. ఇది హత్యా, హత్య కిందికి రాని నరహత్యా? కేజీహెచ్ పోస్టుమార్టం రిపోర్టు, శవపంచనామా పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ప్లాస్టర్ ఎన్ని చుట్లు, ముక్కు కూడా మూసుకుపోయిందా, చేతులు వెనక్కి కట్టారా, గిలగిల్లాడుతుంటే చూస్తూ వదిలేశారా? వీటిని బట్టే ఉద్దేశం తేలుతుంది. హత్య కాదని తేలితే 310(3) నిలవదు, డెకాయిటీకి 310(2) మిగులుతుంది. అది కూడా యావజ్జీవం దాకా వెళ్లే సెక్షనే. బెదురుకి గుండె ఆగిపోయిన కేసు మళ్లీ వేరు.

నలుగురి కేసుకి తిరిగొద్దాం. ఇక్కడ హత్యకు 103(1), దానికి తోడు ఉమ్మడి ఉద్దేశం చెప్పే 3(5). బయట నిలబడ్డవాడికి ఆ ఉద్దేశం ఉందని చూపించాలి, అది అక్కడికక్కడ పుట్టినదైనా చాలు. 1923లో కలకత్తా శంకరిటోలా పోస్టాఫీసులో పోస్టుమాస్టర్ని కాల్చి చంపిన కేసులో బరేంద్ర కుమార్ ఘోష్ తాను బయట ఆవరణలోనే నిలబడ్డానన్నాడు. అప్పట్లో చివరి అప్పీలు వినే లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లినా హత్యానేరం తప్పలేదు. ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. కాబట్టి కాపలావాడి కేసులో అసలు ప్రశ్న, ఇనుప రాడ్డో కత్తో లోపలికి వెళ్తోందని వాడికి తెలుసా అన్నది. తెలియదని నమ్మించగలిగినా 331(8) ఉంది. సూర్యాస్తమయం తర్వాత ఇంటి తలుపు పగలగొట్టి చొరబడ్డప్పుడు ఒకడు ప్రాణం తీస్తే, ఆ చొరబాటులో కలిసిన ప్రతివాడికీ యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు. ఒక్క 311 మాత్రం, అంటే ఏడేళ్ల కనీస శిక్ష, మారణాయుధం వాడినవాడికీ, తీవ్రగాయం చేసినవాడికీ, చంపడానికో తీవ్రగాయం చేయడానికో ప్రయత్నించినవాడికే. రిమాండ్ రిపోర్టులో అందరికీ కలిపి రాసేస్తారు, అభ్యంతరం చెప్పాల్సిందే.

ఇంట్లో పడుకున్న డ్రైవరుకు కుట్ర సెక్షన్ 61(2) పడుతుంది. సెక్షన్ 51 ఇంకా దగ్గరగా వస్తుంది. అర్ధరాత్రి దోపిడీకి పురమాయించి ఆయుధాలిచ్చినవాడు, ఇంట్లోవాళ్లు ఎదురుతిరిగి ఒకరు హతమైతే, ఆ చావు ఊహించదగినదే అయితే హత్యకు జవాబుదారీ అని చట్టంలోనే ఉదాహరణ ఉంది.

ఆటోవాడు నిజంగా కిరాయికే వచ్చి ఉండొచ్చు. అప్పుడు కాల్ డేటా, లైట్లార్పి ఎంతసేపు ఆగాడు, వాటా తీసుకున్నాడా అన్నవి తేలుస్తాయి. సీసీ ఫుటేజీ అయితే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేశారో లేదో చూడండి.

ఇంటివాళ్లు ఇరుక్కునే చోటు వేరే ఉంది. దోపిడీ చేసొచ్చాడని తెలిసి దాచిపెడితే 254 కింద ఏడేళ్ల వరకు. మినహాయింపు భార్యకో భర్తకో మాత్రమే, అమ్మకు లేదు. డెకాయిటీ సొత్తని తెలిసి గొలుసు దగ్గర పెట్టుకుంటే 317(3), అది యావజ్జీవం దాకా.

పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. కానీ దాని ఆధారంగా నగ దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన ముక్క పనికొస్తుంది. మధ్యవర్తుల నివేదికలో, అంటే సొత్తు దొరికినప్పుడు సాక్షుల ముందు పోలీసులు రాసే పంచనామాలో, ఎవరెవరు సంతకం పెట్టారు, నగ నిజంగా ఎక్కడ దొరికింది, బాధితులు దాన్ని గుర్తుపట్టారా అన్నవి లాయరు వదలకూడదు. గుర్తింపు పరేడ్ అయ్యేదాకా కుర్రాడి ఫొటో వాట్సాప్‌లో తిప్పొద్దు. సాక్షులు ముందే ఆ ముఖం చూశారని తర్వాత వాదించాలంటే, ఫొటో బయటపెట్టింది మీవాళ్లే కాకూడదు.

వయసు పద్ధెనిమిది లోపని అనుమానముంటే పదో తరగతి సర్టిఫికెట్ మొదటి రిమాండ్ రోజే మేజిస్ట్రేట్ చేతికివ్వండి. లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే అక్కడే అడగండి. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, ఫోన్ నంబరు 15100.